నోట్లో ఉన్న జవాబు

పెందుర్తిలో బస్సు మారి కె. కోటపాడులో దిగేసరికి సాయంత్రం ఐదు దాటింది. బస్సు నిండా కాలేజీ బ్యాగులే. చెరకు, వరి, జీడిమామిడి మీద బతికే మండలం ఇది. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా ఏర్పడేదాకా విశాఖ జిల్లాలో ఉండేది. ఇక్కడి పిల్లల్లో చాలామంది ఇంటర్‌కీ డిగ్రీకీ చోడవరం, అనకాపల్లి, పెందుర్తి వైపు రోజూ తిరుగుతుంటారు. వాళ్లలో తెలివికి లోటు లేకపోయినా చదవడం, రాయడం దగ్గర ఆగిపోయే కొందరిని పరీక్షలకు తయారుచేస్తున్న ఒక మేడమ్ ఉన్నారని తెలిసి వచ్చాను. తన పేరు గానీ పిల్లల పేర్లు గానీ రాయొద్దని ముందే మాట తీసుకున్నారు. "డిస్లెక్సియా అని పేపర్లో పడితే రేపు సంబంధాలు చూసేటప్పుడు అదే అడుగుతారండీ" అన్నారు.

ఆమె కొన్నేళ్లు భవిత కేంద్రంలో పనిచేశారు. సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే ఈ కేంద్రాలు ప్రత్యేక అవసరాలున్న బడి పిల్లల బాగోగులు చూస్తాయి. "టెన్త్ దాటాక ఆ పిల్ల ఏమైందో మాకు తెలీదు. కాలేజీలో పట్టించుకునే మనిషి లేరు. పరీక్షల ముందు వాళ్లే వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చేవారు. అలా మొదలైంది ఇది." ఇంటి ముందు గదిలో రెండు బల్లలు, గోడకో వైట్‌బోర్డు, ఒక పాత ల్యాప్‌టాప్. మిగతా సరంజామా అంతా పిల్లల జేబుల్లో ఉన్న ఫోన్లే.

కిటికీ పక్కన బీఏ చదివే కుర్రాడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చరిత్ర పాఠం వింటున్నాడు. తెర మీద పలుకుతున్న మాట రంగు మారుతూ ఉంటే దాని వెంట కన్ను నడిపిస్తున్నాడు. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో 'సెలెక్ట్ టు స్పీక్' అని ఒకటి ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. అచ్చు పుస్తకమైతే గూగుల్ లెన్స్‌తో ఫొటో తీసి వినొచ్చు. అతను వేగం బాగా తగ్గించి పెట్టుకున్నాడు. "సదివితే లైను ఎక్కడికో ఎలిపోద్దండి. ఇంటే మాత్రం ఉండిపోద్ది" అన్నాడు. అప్పటిదాకా విన్న పేజీలో ఏముందో చెప్పమంటే, సహాయ నిరాకరణ ఉద్యమం ఎందుకు మొదలైందో, చౌరీచౌరా తర్వాత గాంధీ దాన్ని ఎందుకు ఆపారో తడుముకోకుండా చెప్పాడు. అదే పేజీ పైకి చదవమంటే రెండో వాక్యం దగ్గర చెమట పట్టింది. నేనే ఆపమన్నాను.

ఇలాంటి పిల్లవాడి గురించి వైద్య పత్రికలో మొదట రాసింది 1896లో. ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టరు పద్నాలుగేళ్ల పెర్సీ గురించి రాశాడు. చదువంతా నోటితోనే సాగితే బడిలో అందరికంటే చురుకైనవాడు వీడే అయ్యేవాడని ఆ కుర్రాడి మాస్టారు అన్నాడట. అక్షరాన్ని ధ్వనితో ముడివేసే పనిలో మెదడు తడబడటమే డిస్లెక్సియా. దీనికీ తెలివికీ, బద్ధకానికీ ఏ సంబంధమూ లేదు.

తెలుగులో రాసిందే పలుకుతాం కాబట్టి ఇది కొంత దాగుతుంది. ప, వ, ష కలగాపులగమవుతాయి. థకీ ధకీ తేడా జారిపోతుంది. ఒత్తులు ఎగిరిపోతాయి, గుడి ఉండాల్సిన చోట గుడిదీర్ఘం పడుతుంది. అయినా మెల్లగా కూడబలుక్కుని గట్టెక్కుతారు. ఇంగ్లీషు దగ్గర ఆ ఆసరా ఉండదు. though (దో), through (త్రూ), tough (టఫ్) మూడింటి చివరా అవే అక్షరాలు, పలికేది మాత్రం మూడు రకాలు. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సులు ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. తెలుగు మీడియంలో ఇంటర్ దాకా నెట్టుకొచ్చిన ఈ బీఏ కుర్రాడికి డిగ్రీ మొదటి సెమిస్టర్‌లోనే బ్యాక్‌లాగ్‌లు పడ్డాయి. ఇంట్లో వాళ్లకి అది ఫోన్ పిచ్చిలా కనిపించింది. వాళ్ల నాన్న ఫోన్ లాగేసుకున్నాడు. ఆ తర్వాత మేడమే ఆ ఇంటికి వెళ్లి, ఆ ఫోనే వీడికి పుస్తకమని ఆయనకు చూపించాల్సి వచ్చింది.

తెలుగు నోట్స్ దగ్గర ఇంకో చిక్కుంది. ఒక లెక్చరర్ పంపిన పీడీఎఫ్ తెరిచి వినిపించమంటే ఫోన్ అర్థం లేని ఇంగ్లీషు ముక్కలు పలికింది. నోట్స్ అనూ ఫాంట్స్‌లో కొట్టి ఉంది. మన డీటీపీ సెంటర్లలో దశాబ్దాలుగా నడుస్తున్న పద్ధతి అది. కంటికి చక్కటి తెలుగే, లోపల యంత్రానికి కనిపించేది మాత్రం తెలుగు కాదు. అదే యూనికోడ్‌లో టైప్ చేస్తే ఏ ఫోనైనా చదువుతుంది. మేడమ్ ఆ పీడీఎఫ్‌ను ప్రింట్ తీయించి, ఫొటో తీసి, లెన్స్‌తో మళ్లీ అక్షరాలుగా మార్చి, తప్పులు దిద్ది పిల్లలకు పంపుతున్నారు. ఒక్కో యూనిట్‌కి ఒక సాయంత్రం పోతోంది. లెక్చరర్ ఒక్కసారి యూనికోడ్‌లో కొట్టిస్తే ఈ శ్రమ మొత్తం తప్పుతుంది.

పుస్తకాన్ని ఇలా మార్చుకోవడం కాపీరైట్ తప్పవుతుందేమోనని కొందరు లెక్చరర్లు జంకుతారట. కాదు. 2012లో సవరించిన మన కాపీరైట్ చట్టం, వైకల్యం వల్ల అచ్చు చదవలేనివాళ్ల కోసం పుస్తకాన్ని వాళ్లకు పనికొచ్చే రూపంలోకి మార్చుకోనిస్తుంది. ఇదే పనికి 2013లో మరాకేష్ ఒప్పందం వచ్చింది, దాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు 2014లో ఆమోదించింది భారతదేశమే. చూపు లేనివాళ్లతోపాటు, చూపు ఉండీ చదవలేనివాళ్లు కూడా ఆ ఒప్పందం కిందికి వస్తారు. 2016లో మొదలైన 'సుగమ్య పుస్తకాలయ' అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో డిస్లెక్సియా ఉన్నవాళ్లూ సభ్యులు కావచ్చు.

ఆ గదిలో నాకు అన్నిటికంటే విలువైన పని అనిపించింది ఏడు గంటలకు మొదలైంది.

ఇంటర్ రెండో ఏడు అమ్మాయి ఒకతె ఫోన్‌లో కీబోర్డు మైక్ నొక్కి జువాలజీ జవాబు చెబుతోంది. రక్తప్రసరణ గురించి. తెలుగు మాటలు తెర మీద పరుగెడుతున్నాయి. గూగుల్ తెలుగు మాటను అక్షరంగా మార్చడం 2017లో మొదలైంది, ఇప్పుడు మా ఉత్తరాంధ్ర యాసను కూడా చాలావరకు పట్టుకుంటోంది. కానీ వచ్చింది చూస్తే ఒకే పొడుగాటి వాక్యం. ఎక్కడా ఫుల్‌స్టాప్ లేదు, పేరా లేదు, "అంటే", "మరేమో" మాత్రం లెక్కలేనన్ని. అమ్మాయి అదంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ముందు మూడు పాయింట్లు వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఒక్కో వాక్యం పూర్తిగా మనసులో కట్టుకుని, అప్పుడు పలికింది.

"ఫోన్‌ని పరీక్ష హాల్లోకి రానివ్వరు కదండీ" అన్నారు మేడమ్. "ఏడాదంతా వినీ చెప్పీ నేర్చుకున్న పిల్ల, ఆరోజు గేటు దగ్గర అన్నీ వదిలేసి వెళ్లాలి. భయం అక్కడ పుడుతుంది. పాఠం రాక కాదు, పద్ధతి మారిపోతుందని. లోపల వీళ్లకి దొరికేది స్క్రైబ్, చెప్పింది రాసిపెట్టే మనిషి. స్క్రైబ్‌కి చెప్పి రాయించడం కూడా ఒక విద్యేనండీ. ఎవరూ నేర్పరు. నేను దీన్ని ఫోన్‌తో నేర్పిస్తున్నాను."

ఈ మాట విన్నాక గదిలో జరుగుతున్నదంతా నాకు వేరుగా కనబడింది. వాయిస్ టైపింగ్ ఇక్కడ రాసే కష్టాన్ని తప్పించే సాధనం మాత్రమే కాదు, స్క్రైబ్ ముందు కూర్చోవడానికి రిహార్సల్. ఎదుటివాడు ఆగమంటే ఆగడం, చెప్పిన వాక్యం ఎక్కడ తెగిందో గుర్తుంచుకోవడం, కొత్త పేరా ఎక్కడో చెప్పడం, కొట్టేయమనడానికి మొహమాటపడకపోవడం, ఇవన్నీ ఫోన్ విసుగు లేకుండా నేర్పుతుంది. పరీక్షలు దగ్గరపడ్డాక ఫోన్ తీసేసి మనిషిని కూర్చోబెడతారు. ఆ సాయంత్రం వీధిలోనే ఉండే ఫస్టియర్ పిల్ల ఒకతె స్క్రైబ్‌గా వచ్చి కూర్చుంది. ఆమె ప్రశ్నపత్రం పైకి చదివింది. అమ్మాయి ప్రతి ప్రశ్నా రెండుసార్లు చదివించుకుంది. తను ఎంచుకున్నవాటికి ఆ పిల్లతో టిక్ పెట్టించింది. తర్వాత రాయించడం మొదలు.

మధ్యలో ఒకచోట బండి ఆగింది. స్క్రైబ్ ఒక శాస్త్రీయ నామానికి స్పెల్లింగ్ అడిగింది. అమ్మాయి ముఖం వాడిపోయింది. స్పెల్లింగే కదా ఆమెకు రానిది. సొంతంగా తెచ్చుకున్న స్క్రైబ్ చదువు అభ్యర్థి కంటే తక్కువ ఉండాలని నిబంధన, కాబట్టి ఆ పేరు స్క్రైబ్‌కీ తెలీదు. మేడమ్ జోక్యం చేసుకోలేదు. కాసేపటికి అమ్మాయే "విన్నట్టు రాసేయ్, ముందుకెళ్దాం" అంది. అది ఆ సాయంత్రపు గెలుపు. ఒక మాట దగ్గర పది నిమిషాలు కూరుకుపోయి, ఆ కంగారులో జవాబు వచ్చిన ప్రశ్నలు కూడా వదిలేయడం పాత అలవాటట. కంగారు పడినప్పుడు మనసు ఒకేసారి పట్టి ఉంచుకోగలిగింది తగ్గిపోతుంది. చదవడానికే దానిలో సగం ఖర్చుపెట్టే పిల్లలకు ఆ తగ్గుదల మరీ గట్టిగా తగులుతుంది. అందుకే మేడమ్ ధైర్యం చెప్పే మాటలకంటే వరుస పద్ధతినే నమ్ముతారు. ఎప్పుడూ ఒకే రకంగా ప్రశ్నపత్రం వినడం, ఒకే క్రమంలో రాయించడం, గంటకోసారి కళ్లు మూసుకుని నీళ్లు తాగడం. రాత్రుళ్లు నిద్ర పట్టక ఏడ్చే పిల్లలకు మాత్రం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416 ఇచ్చి, తన ముందే ఫోన్ చేయిస్తారు.

చట్టం సంగతికొస్తే, పిల్లల పక్షాన అది చాలానే నిలబడింది. 1995 చట్టంలో వైకల్యాలు 7. 2016 చట్టం వాటిని 21 చేసి, డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలనూ అందులో చేర్చింది. 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలన్నాయి, అంటే 3 గంటల పరీక్షకు మరో గంట. రాసిపెట్టే మనిషినే కాదు, చదివిపెట్టే మనిషినీ అడగొచ్చన్నాయి. కంప్యూటర్ మీద రాయడం, జవాబులు రికార్డు చేయడం కూడా ఆ మార్గదర్శకాల్లో ఉన్నాయి. 40 శాతం వైకల్యం లేదని సౌకర్యం నిరాకరించడం కుదరదని 2021లో సుప్రీంకోర్టు రెండుసార్లు చెప్పింది. ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో, నవంబరులో అవ్నీ ప్రకాశ్ కేసులో. అవ్నీ డిస్‌గ్రాఫియా (రాయడంలో వైకల్యం) ఉన్న నీట్ విద్యార్థిని. ఆమెకు రావాల్సిన అదనపు గంట ఇవ్వకుండానే పేపర్ తీసేసుకున్నారు. మళ్లీ పరీక్ష పెట్టమని కోర్టు చెప్పలేదు గానీ, జరిగిన అన్యాయాన్ని సరిదిద్దే దారి చూడమని పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏని ఆదేశించింది. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో 40 శాతం కంటే తక్కువ ఉన్నవాళ్లకోసం కేంద్రం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇన్ని ఉన్నా, వీటికోసం చూపాల్సిన వైకల్య సర్టిఫికెట్ ఆ గదిలోని పిల్లల్లో అందరి దగ్గరా లేదు. దానికోసం సచివాలయంలోనో మీసేవలోనో సదరం (వైకల్య నిర్ధారణ) స్లాట్ తీసుకోవాలి. క్లినికల్ సైకాలజిస్టు ముందు తెలివితేటల పరీక్ష, ఆపైన చదవడం, రాయడం, లెక్కల పరీక్షలు. అందుకోసం విశాఖ తిరగాలి. బీఏ కుర్రాడి అమ్మ చెరకు కోతకు వెళ్లే మనిషి. "రెండుపాలి ఎల్లాం బాబూ. కూలి పోనాది, పని అవ్వలేదు. మావోడికి కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి కదా, ఇంకేటి సర్టిఫికెట్టు అని ఆడెవరో అన్నాడు" అందామె. మాతృభాషలో పరీక్షించే సాధనాల విషయంలో మనం ఇంకా వెనకే ఉన్నాం. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో విడుదల చేసిన 'డాలీ' పరీక్ష మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో వచ్చింది. ఆ మొదటి నాలుగింటిలో తెలుగు లేదు. కన్నడ లిపి, మన లిపి అక్కచెల్లెళ్లు. తెలుగు విశ్వవిద్యాలయాలు ఈ పని తమదని అనుకుని ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం.

ఎనిమిదిన్నరకు అమ్మాయి చిన్న మాక్ పరీక్ష ముగిసింది. అదనపు సమయంలో కొంత మిగిలింది కూడా. మేడమ్ పేపర్ దిద్దుతూ కూర్చున్నారు. స్క్రైబ్ రాసిన అక్షర దోషాల కింద గీత గీశారు గానీ మార్కులు తీయలేదు. జువాలజీ పరీక్షలో చూడాల్సింది జువాలజీ అన్నారు.

కాలేజీ లెక్చరర్లకు, ప్రిన్సిపాళ్లకు ఒక విన్నపం. తరగతిలో నోటితో బాగా చెప్పి, పేపర్ మీద ప్రతిసారీ తప్పే పిల్లలు మీ దగ్గర ఉన్నారు. వాళ్లను పరీక్షల ముందు కాదు, అడ్మిషన్ రోజునే అడగండి. సదరం స్లాట్‌కు, వైద్యుల పరీక్షకు, పరీక్షల విభాగానికి దరఖాస్తుకు నెలలు పడతాయి. స్క్రైబ్, అదనపు సమయం కావాలని ఫీజు కట్టే గడువులోపే రాతపూర్వకంగా పెట్టించండి. యూనిట్ టెస్టులు కూడా స్క్రైబ్‌తోనే రాయించండి. నోట్స్ యూనికోడ్‌లో ఇవ్వండి. ఇందులో ఏ ఒక్కదానికీ కాలేజీ నిధులు అక్కర్లేదు.