వాన కడిగిన రాళ్లు

తొలకరి జల్లు పడిందంటే చాలు, కర్నూలు జిల్లా జొన్నగిరి చేలల్లో మనుషులు తలలు వంచుకుని నడుస్తుంటారు. విత్తనం వేయడానికి కాదు... వజ్రం కోసం! తుగ్గలి, మద్దికెర మండలాల్లో, పక్కనున్న అనంతపురం జిల్లా వజ్రకరూరులో కూడా ఇదే దృశ్యం. సద్దిమూట కట్టుకుని పిల్లాపాపలతో దిగేవాళ్లు, పక్క జిల్లాల నుంచి వచ్చి చెట్ల కిందే పడుకునేవాళ్లు ఎందరో. కూలి మానుకుని వచ్చినవారికి ఆ రోజు ఆశంతా ఆ రాయి మీదే.

వానదాకా ఆగడం ఎందుకంటే... మట్టి పట్టిన రాయి ఏదైనా మట్టిగడ్డలాగే ఉంటుంది. వాన దాన్ని కడిగితేనే మెరుపు బయటపడుతుంది. భూమిలో 150 కిలోమీటర్లకు పైగా లోతున పుట్టిన వజ్రాలను సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట కింబర్లైట్ అనే అగ్నిశిల పైకి మోసుకొచ్చింది. వజ్రకరూరు ప్రాంతంలో ఆ శిలలు ఇప్పటికీ ఉన్నాయి. అవి శిథిలమై, వాగుల వెంట కొట్టుకొచ్చిన రాళ్లే చేలల్లో చెల్లాచెదురయ్యాయి.

వాన వదిలిన మట్టిని చేతులు వదిలించాలి. సీసాలో తెచ్చుకున్న నీళ్లు పోసి, తువ్వాలుతో తుడిచి, ఎండకేసి పట్టి చూస్తారు. నూటికి తొంభైతొమ్మిది పలుగురాళ్లే! వాటి మీది ఎర్రటి తుప్పు మరక సబ్బుకు లొంగదు. రాళ్లు సేకరించేవాళ్లు ఆక్సాలిక్ ఆమ్లంలో నానబెడతారు. అది విషం. చేతులకు తొడుగులుండాలి, పిల్లలకు అందకూడదు. పైగా పలుగురాయికి పనికొచ్చిందని ప్రతి రాయికీ ఆమ్లం పోయకూడదు. సున్నపురాయి, కాల్సైట్ లాంటివైతే హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగలగానే బుసబుస పొంగి కరిగిపోతాయి. ఏ రాయో తెలియనప్పుడు గోరువెచ్చని సబ్బు నీళ్లు, పాత టూత్‌బ్రష్షే మేలు.

వజ్రానిది ఇంకో తీరు. దాని మీద నీరు సరిగా అంటదు, జిడ్డు మాత్రం ఇట్టే పట్టుకుంటుంది. అందుకే గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీదుగా కంకర, నీళ్లు పారించి వజ్రాలను వేరుచేసేవారు. నూనె చేత్తో నాలుగుసార్లు తడిమితే మంచి రాయి కూడా మసకబారుతుంది.

ఇక, సుత్తితో కొడితే పగలనిదే వజ్రమన్న నమ్మకం ఒకటుంది. ఇంతకన్నా చెడ్డ పరీక్ష లేదు. వజ్రాన్ని గీయడం కష్టమే కానీ, నాలుగు దిశల్లో సులువుగా చీలుతుంది. ఏడాది రాబడి ఒక్క దెబ్బకు ముక్కలైపోవచ్చు.

జొన్నగిరికి దగ్గర్లోనే ఎర్రగుడి కొండరాళ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. వజ్రాల కోసం వచ్చి అటు తొంగిచూసేవారు తక్కువే మరి!

పొద్దు వాలాక సంచులు బోర్లించి, రాళ్లు మరోసారి కడిగి, పలుగురాళ్లను అక్కడే పారేసి బయల్దేరతారు. మరో వానకు అవే మళ్లీ మెరుస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఆత్రంగా ఏరుకుంటారు.