మా మోటారు కాల్చిన థ్రెడ్లు

సంక్రాంతి ముందు మా బోరు మోటారు కాలిపోయింది. కాల్చింది నేనే, సీ భాషలో.

మాది పెద్దారవీడు దగ్గర పల్లె. కాస్త మిర్చి, ఒక్కటే బోరు. కరెంటు వచ్చినప్పుడల్లా నాన్న చేలోకి పరిగెత్తాలి. బోర్లో నీళ్లు తగ్గితే మోటారు ఆపాలి, లేదంటే వైండింగ్ కాలిపోతుంది. ఇంటి నుంచే పనిచేస్తున్నా గదా అని, లైనక్స్ నడిచే చిన్న 32 బిట్ బోర్డు కొని ప్రోగ్రాం రాశా. కరెంటు రాగానే మోటారు వేస్తుంది, కాపలాకి ఓ థ్రెడ్ పుట్టిస్తుంది. మోటారు లాగే ఆంప్స్ పడిపోతే నీళ్లు లేనట్టే, ఆ థ్రెడ్ ఆపేస్తుంది. నా ఫోన్ ఐదు నిమిషాలకోసారి పరిస్థితి అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ జవాబుకి ఓ కొత్త థ్రెడ్.

మూడో రోజు పొద్దున నాన్న చేలోంచి ఫోన్ చేశాడు. "మోటారు పోయిందిరా."

ఇంకేమీ అనలేదు. మోటారు పైకి లాగించి మార్కాపురంలో వైండింగ్‌కి ఇచ్చొచ్చాడు. అది తిరిగొచ్చేదాకా చేనుకి తడి లేదు. పూత రాలింది.

చిత్రం ఏంటంటే ప్రోగ్రాం చావలేదు, నడుస్తూనే ఉంది. 'టాప్' కమాండ్‌లో చూస్తే థ్రెడ్ ఒకటే. కానీ 'విర్ట్' అనే గడిలో అంకె 3 జీబీ దగ్గర ఉంది.

థ్రెడ్ పని ముగిస్తే కెర్నెల్ లెక్కలోంచి పోతుంది. దాని స్టాక్ మాత్రం పోదు. ఎవరో ఒకరు 'పీథ్రెడ్_జాయిన్' అని పిలిచి ఫలితం తీసుకుంటారని అట్టే ఉంటుంది. లైనక్స్‌లో ఆ స్టాక్ మామూలుగా 8 ఎంబీ. ర్యామ్ అంత తినకపోయినా అడ్రస్ జాగా పట్టేస్తుంది. నా బోర్డులో ప్రోగ్రాంకి దొరికే జాగా దాదాపు 3 జీబీ. భాగిస్తే సుమారు 380. ఐదు నిమిషాలకొకటి చొప్పున 32 గంటలు కూడా పట్టదు. నేనేమో టేబుల్ మీద గంటసేపు నడిపి శభాష్ అనుకున్నా.

చిన్నప్పుడు ఎండాకాలం వీధిలోకి నీళ్ల ట్యాంకర్ వచ్చేది. నీళ్లు పట్టుకుపోయినోళ్లు ఇంకో ఖాళీ బిందె వరసలోనే వదిలేస్తే, "ఎవురిదమ్మా ఈ బిందె?" అని ఒకటే అరుపులు. నా 380 థ్రెడ్లూ అవే బిందెలు.

ఆ పొద్దున కాపలా థ్రెడ్ పుట్టించబోతే 'పీథ్రెడ్_క్రియేట్' ఎర్రర్ ఇచ్చింది. ఆ రిటర్న్ విలువ నేను చూడనే లేదు. పైగా మోటారు ముందు వేసి, కాపలా తర్వాత పెట్టడం ఇంకో తెలివి.

ఇప్పుడు జవాబిచ్చే థ్రెడ్లకి 'పీథ్రెడ్_డిటాచ్' పెట్టా. వాటి ఫలితం ఎవరికీ అక్కర్లేదు, పోతూ జాగా అవే వదిలేస్తాయి. సాకెట్ మాత్రం దానంతటది మూసుకోదు, 'క్లోజ్' మనమే రాయాలి. కాపలా థ్రెడ్‌ని డిటాచ్ చేయలేదు. మోటారు ఆగాక జాయిన్ చేసి, ఎందుకు ఆపిందో తెలుసుకుంటా. దాన్ని 'పీథ్రెడ్_క్యాన్సిల్'తో మధ్యలో చంపడం కూడా మానేశా. లాక్ పట్టుకుని ఉండగా పోతే ఆ లాక్ తీసే దిక్కుండదు. 'ఇక ఆగు' అని ఓ ఫ్లాగ్ పెడితే చాలు, అన్నీ వదిలి అదే వస్తుంది. కాపలా పుట్టాకే మోటారు తిరుగుతుంది.

నెల రోజులుగా విర్ట్ అంకె కదల్లేదు. నాన్నకి చూపించా. "బాగుంది నాయనా" అన్నాడు. కరెంటు టైంకి మాత్రం ఇప్పటికీ చేలోకెళ్లి స్టార్టర్ పక్కనే కూర్చుంటున్నాడు.