ఒక్కరోజు బాడుగ... ఏడాది కాగితం

‘‘అన్నా, ఒక్క రోజుకి ఇన్సూరెన్సు ఇస్తారా?’’

పొద్దున ఆరు గంటలు. కర్నూలు కొండారెడ్డి బురుజు ముందు నిలబడి అడిగాడా కుర్రాడు. ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. వెంట ముగ్గురు స్నేహితులు. పక్కనే తెల్ల కారు. సహవిద్యార్థి ఇంటి పక్కాయనది. రోజుకి పదిహేను వందలు బాడుగ, డీజిలు వాళ్లదే. గండికోట చూసి, కడప మీదుగా రాత్రికి కర్నూలు చేరాలన్నది పథకం. నేనూ అటే కాబట్టి వెనక సీట్లో ఇరుక్కున్నాను.

ఇంతకీ ఇన్సూరెన్సు ఎందుకు గుర్తొచ్చిందంటే... వాళ్లన్న బర్మింగ్‌హామ్‌లో చదువుతున్నాడట. అక్కడ స్నేహితుడి కారు తీయాలంటే ముందు ఫోన్లో ఇన్సూరెన్సు కొనుక్కోవాలి. బ్రిటన్‌లో ఆ సౌకర్యం ఉంది. గంటకైనా ఇస్తారు, రోజుకైనా ఇస్తారు, నాలుగు వారాల దాకా అయినా ఇస్తారు. నడిపే మనిషి వయసెంత, లైసెన్సు వచ్చి ఎన్నేళ్లయింది... అన్నీ చూసి ధర కడతారు. అక్కడ పాలసీలో నడిపేవాడి పేరుండాలి మరి!

‘‘మనకెందుకు లేదన్నా?’’

అప్పటికి నా దగ్గర జవాబు లేదు. కారు కదిలింది.

సినిమాల్లో సీమ రోడ్డంటే సుమోలు గాల్లోకి లేవాలి. ‘ఒక్కడు’ వచ్చాక ఈ బురుజు చూసినవాళ్లంతా అదే అనుకుంటారు. నిజం రోడ్డు మాత్రం నిమ్మళంగా సాగిపోతుంది. ఓర్వకల్లు దగ్గర ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న రాతిగుండ్లు, పాణ్యం దాటాక నల్లరేగడి చేలు, దూరంగా నీలం గీతలా నల్లమల. నంద్యాలలో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. అక్కడే డ్యాష్‌బోర్డు అర తెరిచి కాగితాలు బయటికి తీశాను. పాలసీ ఉంది, గడువూ ఉంది. పైన ‘లయబిలిటీ ఓన్లీ’ అని ఉంది. ‘‘ఉంది కదన్నా, ఇంకేం!’’ అన్నాడు మా సారథి. వాడి లైసెన్సు ఫోన్లో భద్రంగా ఉంది. పక్కవాడికి ఎల్లెల్లార్ మాత్రమే. గండికోట రోడ్డు ఎక్కాక స్టీరింగు తనకివ్వాలని వాడి ఒప్పందం.

ఆళ్లగడ్డలో రోడ్డు వారగా ఉలి దెబ్బలు తింటున్న విగ్రహాలను చూసుకుంటూ, మైదుకూరులో మలుపు తిరిగి, ప్రొద్దుటూరు దాటాం. జమ్మలమడుగు ఇంకా రాలేదు. పాటలు జోరుగా ఉన్నాయి. మలుపు తిరగ్గానే రోడ్డు నిండా గొర్రెలు!

బ్రేకు పడింది. కారు పక్కకి జారి, మంద మొదటి వరసకి మూరెడు దూరంలో ఆగింది. దుమ్ము సద్దుమణిగేసరికి అద్దం దగ్గర తలపాగా, భుజాన కంబడితో కాపరి.

‘‘ఏం సామీ, కండ్లు యాడ పెట్టుకోని తోల్తాండావు? ఒగటి పోయింటే నా గతేంగాను?’’

ఆయన తిట్టలేదు. అడిగాడంతే. అడిగి, మంద మొత్తం దాటేదాకా మా కారు ముందే కర్ర అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. మావాడి చేతులు స్టీరింగు మీద వణుకుతున్నాయి. ఎల్లెల్లార్ కుర్రాడు ఒప్పందం ఊసే ఎత్తలేదు.

గండికోటలో పెన్న ఎర్రరాళ్లను నిలువునా కోసుకుంటూ పోయిన చోటు చూస్తే ఎవరైనా నోరెళ్లబెట్టాల్సిందే. కోటలో మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ ఒకే ఆవరణలో కలిసి బతికినట్టుంటాయి. ముగ్గురూ ఫొటోల మీద పడ్డారు. సారథి మాత్రం లోయ అంచుకి దూరంగా బండమీద కూర్చున్నాడు. ‘‘గొర్రెకి ఎంతుంటాదన్నా?’’ అన్నాడు కాసేపటికి. ‘‘అదే మనిషైతే...’’ అని మాట మింగేశాడు.

ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా కడప చేరేసరికి దీపాలు పెట్టారు. ఏడురోడ్ల కూడలి దగ్గర నాకు తెలిసిన పెద్దాయన ఉన్నారు. బీమా పనిలో జీవితమంతా గడిపి రిటైరైన మనిషి. కారం దోసెలు చెప్పి, పాలసీ ఆయన ముందు పెట్టాను. కళ్లద్దాలు సర్దుకుని వెనక పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. అందరూ మొదటి పేజీ చూస్తారు, అసలు సంగతి వెనకుంటుందట.

‘‘మన దేశంలో ఇన్సూరెన్సు బండికి నాయనా, మనిషికి కాదు. లైసెన్సు ఉన్నోడు ఎవురు తోలినా చెల్లుతాది. మీ మామ కారు ఊరికే అడిగి తెచ్చుకుంటే ఇబ్బంది లేదు. అందుకే ఒక్క రోజు పాలసీ అవసరం మనోళ్లకి పెద్దగా పడలే. బాడుగెంత ఇచ్చినారు?’’

నలుగురూ ముఖాలు చూసుకున్నారు.

‘‘ఇదో, చూడు. బాడుగకి తిప్పితే వర్తించదని రాసుండాది. తెల్లబోర్డు బండి సొంతానికి. మనమే తోలుకునే అద్దె బండికి నల్ల పలక మీద పసుప్పచ్చ అక్షరాలుంటాయి. దాని పాలసీ వేరే.’’

1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేని బండి రోడ్డెక్కకూడదు. ఎక్కితే మొదటిసారి రెండు వేల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారు కొంటే ఏకంగా మూడేళ్లకి ఆ బీమా కట్టాల్సిందే. ఇలాంటి చిన్న కారుకి కేంద్రం 2022 జూన్ నుంచి అమలు చేసిన ప్రీమియం పన్ను కాకుండా 3,416 రూపాయలు. రోజుకి తొమ్మిది రూపాయల చిల్లర! ఆ లెక్కన కాపరి గొర్రెలకీ రక్షణ ఉంది. కారు వల్ల ఇతరుల ఆస్తికి జరిగే నష్టానికి ఏడున్నర లక్షల దాకా బీమా ఉంటుంది. కానీ బాడుగ సంగతి బయటపడితే కంపెనీ తప్పుకోవడానికి చట్టమే దారిచ్చింది. అప్పుడు భారమంతా పదిహేను వందలకి ఆశపడిన ఆ పక్కాయన మీద, బండి తోలిన ఈ కుర్రాడి మీద.

‘‘సరే, మాకేమన్నా అయితే?’’ వెనక సీటు కుర్రాడు అడిగాడు.

‘‘మీకా?’’ పెద్దాయన దోసె తుంచడం ఆపారు. ‘‘ఈ కాగితంలో మీరు లేరు.’’

లయబిలిటీ పాలసీ రోడ్డు మీది మనుషులకే. ప్రైవేటు కార్లో కూర్చున్నవాళ్లకి రక్షణ కావాలంటే ప్యాకేజీ పాలసీ ఉండాలని సుప్రీంకోర్టు 2012లో బాలకృష్ణన్ కేసులో తేల్చింది. ఇక నడిపేవాడి సంగతి మరీ అన్యాయం. యజమానికిచ్చే 15 లక్షల ప్రమాద బీమా యజమాని స్వయంగా నడిపితేనే. కర్ణాటకలో ఒకాయన అడిగి తెచ్చుకున్న మోటారు సైకిలు మీద పోతూ ఎద్దులబండిని ఢీకొని చనిపోయాడు. ఆ నింగమ్మ కేసులో 2009లో సుప్రీంకోర్టు ఏమందంటే... బండి అడిగి తెచ్చుకున్నవాడు యజమాని స్థానంలో ఉన్నట్టే, అప్పటి 163-ఎ సెక్షన్ కింద అతని కుటుంబం పరిహారం అడగడానికి లేదు. అంటే బండి అడిగి తెచ్చుకున్న కుర్రాడే అందరికంటే నిరాధారంగా ఉంటాడు!

‘‘మరి లండన్ల మాదిరి...’’

‘‘2002 టారిఫ్ పుస్తకంలో నెలకి కూడా లెక్కుండె. ఏడాది ప్రీమియంలో 20 శాతం. ఎనిమిది నెలలు దాటితే మొత్తం కట్టాల్సిందే. 2022 నుంచి ఎన్ని కిలోమీటర్లు తిప్పితే అంతకే కట్టే పద్ధతికీ అనుమతిచ్చినారు. అది సొంత కారు డ్యామేజీకి. మీకు కావాల్సింది అది కాదు. ఎవుని బండి తోలినా మీ వెంట వచ్చే వ్యక్తిగత ప్రమాద పాలసీ. మీ పేరు మీదనే తీసుకోండి.’’

కుర్రాళ్లు కారు దగ్గరికి నడిచారు. తాళాలు ఎవరూ తీయలేదు. కాసేపు గుసగుసలు. ఇద్దరు కర్నూలు బస్సు ఎక్కుతామన్నారు. ‘‘నువ్వొక్కనివే పోతావారా?’’ అని ఇంకొకడు తిట్టాడు. చివరికి నలుగురూ కార్లోనే ఎక్కారు. పాటలు మాత్రం పెట్టలేదు.

రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది. ‘‘ఓర్వకల్లు దాటినామన్నా. అరవై దాటలే’’ అన్నాడు సారథి. ‘‘ఆ పెద్దాయన నంబరు పంపిచ్చు.’’