డెట్రాయిట్ ఉప్పు తిన్న కార్లు

కనపడేకన్నా ముందే వినపడతాయవి. గుడగుడమంటూ ఓ శబ్దం, కాళ్ల కింద సన్నగా అదురు... ఆ తర్వాత మలుపులోంచి పొడవాటి బోనెట్ బయటికొస్తుంది. ఆగస్టు మూడో శనివారం అమెరికాలోని డెట్రాయిట్ శివార్లకు వెళ్తే వుడ్‌వర్డ్ అవెన్యూ పొడవునా ఇదే సందడి. వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూయిజ్ అంటారు దీన్ని. 1995లో ఫెర్న్‌డేల్ అనే చిన్న ఊరివాళ్లు పిల్లల సాకర్ మైదానానికి డబ్బు కూడబెట్టేందుకు మొదలుపెట్టారు. ఇప్పుడు వేల కార్లు, లక్షల జనం! ట్రాయ్, నోవై లాంటి చుట్టుపక్కల ఊళ్లలో మనవాళ్లు ఎక్కువే కాబట్టి, గుంపులో తెలుగు మాటలు చెవినపడ్డా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఈ రోడ్డుకి కార్లతో చుట్టరికం పాతదే. ఫోర్డ్ కంపెనీ 1913లో కదిలే అసెంబ్లీ లైను మీద కార్లు తయారుచేసిన హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీ దీని పక్కనే ఉంది. రోడ్డు ఉత్తరపు కొసన పాంటియాక్ పట్నం. ఆ పేరున్న కంపెనీ 1964లో ఓ తుంటరి పని చేసింది. టెంపెస్ట్ అనే మామూలు కుటుంబాల కారులో 6.4 లీటర్ల పెద్ద ఇంజిను దించి, జీటీఓ అని పేరు పెట్టింది. అదనంగా కట్టాల్సింది 300 డాలర్లలోపే. కుర్రకారు ఎగబడ్డారు. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. వీటికే మజిల్ కార్లని పేరు. పదేళ్లయినా గడవకముందే బీమా ప్రీమియాలు, పొగ నిబంధనలు, 1973 నాటి చమురు సంక్షోభం కలిసి వాటి కథ ముగించాయి. 2010లో పాంటియాక్ బ్రాండే మూతపడింది.

ఆ కార్లను మళ్లీ రోడ్డెక్కించాలనే పిచ్చి మాత్రం పోలేదు. డబ్బున్నవాళ్లయితే నిపుణులకు అప్పగించి చెక్కు రాసిస్తారు. అసలు కథ డబ్బు లేనివాళ్లది. రాయల్ ఓక్ దగ్గర ఆగిన ఓ నీలం కారు చూశాను. ఎడమ తలుపు ఇంకో రకం నీలం. దాని యజమాని ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన. కొడుకు హైస్కూల్లో ఉండగా, ఇద్దరం కలిసి ఆర్నెల్లలో బాగుచేద్దామని కొన్నారట. ఓ ఏడు ఇంటి కప్పు కారింది, ఇంకో ఏడు కాలేజీ ఫీజు. పదకొండేళ్లు పట్టింది. కొడుక్కి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. వెనక సీట్లో కూర్చుని ఐస్‌క్రీమ్ తింటున్నది వాళ్లే.

ఆయన చేసిన తెలివైన పని, జీటీఓ కొనకపోవడం! కొన్నది దాని తోబుట్టువు లాంటి లెమాన్స్. అదే ఒళ్లు, ధర తక్కువ. 1964, 65 జీటీఓల్లో ఛాసిస్ నంబరు చూసి ఏది ఏదో చెప్పలేం. ఎందుకంటే జీటీఓ అప్పటికి వేరే మోడల్ కాదు, అదనపు హంగు మాత్రమే. అందుకే లెమాన్స్‌కి జీటీఓ బిళ్లలు తగిలించి అమ్మేవాళ్లూ ఉన్నారు. సరదాకి తగిలించుకుంటే తప్పులేదు గానీ, అమ్మేటప్పుడు చెప్పకపోతే మోసమే.

ఇంజిను పాడైందని భయపడనక్కర్లేదు. 326 నుంచి 455 క్యూబిక్ అంగుళాల దాకా పాంటియాక్ వీ-8 ఇంజిన్లన్నీ పైకి ఒకే కొలత. తుక్కు దుకాణంలో అదే కంపెనీ పెద్ద కారు ఇంజిను దొరికితే చిన్నచిన్న మార్పులతో ఇందులో కూర్చుంటుంది. భయపడాల్సింది తుప్పుకి. చలికాలం మంచు కరగడానికి ఇక్కడి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు ఎక్కడిదనుకున్నారు? డెట్రాయిట్ నగరం కిందే, వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గనులున్నాయి! పైన కార్లు తయారుచేసిన ఊరే, కింద వాటిని తినేసే ఉప్పూ తవ్వుతోందన్నమాట.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు కారు చూడ్డానికి జేబులో అయస్కాంతం వేసుకెళ్తారు. చక్రాల పైభాగాన అది అంటుకోలేదంటే పెయింటు కింద ఉన్నది ఇనుము కాదు, లప్పం. డిక్కీ అడుగు, కాళ్ల కింది రేకు కూడా పోయి ఉంటే వెల్డింగ్ కూలీయే కారు ధరను మించిపోతుంది. ఖర్చయినా సరే, ఎండ రాష్ట్రం అరిజోనా నుంచి రంగు వెలిసిన కారు తెచ్చుకోవడమే లాభం.

తర్వాత బ్రేకులు. 1966 వరకు వచ్చిన జీటీఓ, లెమాన్స్‌లలో నాలుగు చక్రాలకూ ఒకటే బ్రేక్ ఆయిల్ దారి. ఒక్కచోట కారితే మొత్తం పోయినట్టే. దాన్ని రెండు దారులుగా మార్చుకోవడానికి పెద్దగా ఖర్చు కాదు. చాలామంది ముందు పెయింటు మీద పడతారు. చేతిలో డబ్బయిపోతుంది, కారు విడదీసిన ముక్కలుగా అట్టపెట్టెల్లోనే అమ్ముడుపోతుంది. పెద్దాయన రంగు జోలికి పోకుండా ముందు బండిని నడిపించాడు. అద్దంలా మెరుస్తూ ట్రైలర్ మీద వచ్చి, ట్రైలర్ మీదే పోయే కార్లకన్నా నాకు ఆ రెండు నీలాల కారే నచ్చింది.

మిషిగన్ ప్రభుత్వానికీ ఈ కార్లంటే ముద్దే. చారిత్రక వాహనాల నంబరు ప్లేటు తక్కువ ఫీజుకే ఇస్తుంది. ప్రదర్శనలకు, ఊరేగింపులకు తప్ప తిప్పకూడదని షరతు. ఆగస్టులో మాత్రం ఎక్కడికైనా తిప్పుకోవచ్చు. మంచు పడేలోగా అన్నీ గ్యారేజీల్లోకి వెళ్లిపోతాయి. వసంతం వచ్చినా వెంటనే బయటికి తీయరు. రెండు మూడు గట్టి వానలు పడి, రోడ్డు మీది ఉప్పు కొట్టుకుపోవాలి.