గృహశుద్ధికి వలయు సాధనములు

కొత్తగా కాపురము పెట్టువారు బిందెలను, గిన్నెలను, మంచమును, బీరువాను నాలుగు దుకాణములు తిరిగి, పెద్దల నడిగి, మన్నికను పరీక్షించి మరీ కొనుచుందురు. కాని ఆ వస్తువులన్నిటిని, ఆ యింటినంతటిని ప్రతిదినము శుభ్రపరుపవలసిన చీపురును, పీచును, నేలగుడ్డను మాత్రము వీధి మలుపులోని అంగడిలో చేతికి మొదట దొరికినవి తెచ్చి మూల పడవేయుట సర్వసాధారణము. బీరువా తలుపును దినమున కేదో ఒకటి రెండు పర్యాయములు తెరచెదము; చీపురన్ననో రెండుపూటలను గదులన్నియు తిరిగి, వసారా దాటి, వాకిటి వరకు పోయి వచ్చును. అది తగినది కానిచో ఆ లోపము ఎవరో ఒకరి నడుమునకో, మోకాళ్ళకో, ఊపిరికో నిత్యము తగులుచునే యుండును. కావున ఈ సాధనములను ఎన్నుకొనుట ఆలోచనతో చేయవలసిన పని యనియు, అందులకు మూడు సంగతులు ఎరిగియుండవలె ననియు నా విశ్వాసము: తొలగింపవలసిన మాలిన్య మెట్టిది, అది అంటుకొనియున్న వస్తు వెట్టిది, సాధనమును పట్టు చేయి ఎవరిది.

చీపురు సంగతి ముందుగా చూతము. గదులు ఊడ్చుటకు మనము వాడు మెత్తని కొండచీపురు తూర్పుకనుమలలో పెరుగు ఒక గడ్డి యొక్క పూకంకులతో కట్టబడును. శీతకాలమున ఆ గడ్డి పూచినంతనే మన్యములోని గిరిజనులు కంకులను కోసి, ఆరబెట్టి, కట్టలు కట్టి సంతలకు దింపుదురు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారివద్ద కొనుచున్న అటవీ ఫలసాయములలో ఈ కొండచీపుళ్ళును కలవు. లేతప్రాయమున కోసిన కంకి మెత్తగా వంగి, సన్నని దుమ్మును సైతము కూడదీయును. ముదిరిన పిదప కోసినది పెళుసై, ఊడ్చిన చోటనే నూగు రాల్చును. కావున కొనునపుడు అంగడివాని యెదుటనే చీపురును గట్టిగా దులిపి చూడవలెను. పిడివద్ద కట్టు బిగువుగా నున్నదో లేదో ఒక పుల్లను లాగి పరీక్షింపవలెను. ఎంత మేలైన దైనను కొత్తలో కొంత నూగు రాలక మానదు. పెరటిలో బాగుగా విదిలించి, ఒక్కమారు నీటిలో ముంచి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి వాడినచో ఆ బాధ చాలవరకు తీరును. అటుపిమ్మట దానికి తడి తగులనీయరాదు.

తడినేలకు, కళ్ళాపి చల్లిన ముంగిటికి, ఆకులు రాలిన పెరటికి కొబ్బరి యీనెల చీపురే తగినది. కోనసీమలో దీనిని కొనుటకంటె ఇంటివద్ద చేసికొనుటయే వాడుక: రాలిన మట్టనుండి ఆకులను చీల్చి, కత్తితో ఈనెలను గీసి, గుప్పెటకు నిండుగా చేర్చి కట్టినచో చీపురు సిద్ధము. కొబ్బరి లేని మెట్టసీమలలో ఈతాకు చీపురు ఆ పని నెరవేర్చుచున్నది. చీపురును కాలితో తాకరాదనియు, నిలువబెట్టరాదనియు మన పెద్దలు విధించిన నియమమున భక్తితోబాటు ప్రయోజనమును గలదు. కొసలపై భారము మోపి నిలిపిన కొండచీపురు త్వరలోనే వంకరపోవును. పిడికి త్రాడు కట్టి మేకుకు తగిలించినది చక్కగా మన్నును.

ఊడ్చుటకు ముందు బూజు దులుపవలెను. పొడవైన వెదురు చివర పాత చీపురు కట్టిన బూజుకర్ర భోగికి, దసరాకు మాత్రమే బయటికి రావలసిన వస్తువు కాదు. నెలకొకమారైనను అది పైకప్పును చూచినచో పండుగనాటి శ్రమ సగము తగ్గును. పైనుండి క్రిందికి రావలెనన్న క్రమము తప్పినవారు తుడిచిన నేలనే మరల తుడువవలసివచ్చును. ఇక అలమరల మీది దుమ్మును పొడిగుడ్డతో కొట్టుట నిష్ప్రయోజనము. అది గాలిలోనికి లేచి, మన ముక్కులలో దూరి, మిగిలినది తిరిగి ఆ చోటనే వ్రాలును. పిండిన తడిగుడ్డ ఒక్కటే దానిని పట్టుకొని బయటికి తీసికొనిపోగలదు.

ఆ గుడ్డ నూలుది కావలెను. చిరిగిన నూలుపంచెను మించిన నేలగుడ్డను నేనెరుగను. కృత్రిమపు దారముతో నేసిన చీరముక్క నీటిని పీల్చుకొనజాలక ఒకచోటి బురదను మరియొకచోటికి నెట్టుచుండును. బకెట్లు రెండు వలెను: ఒకదానియందు గుడ్డను జాడించి మురికి వదలింపవలెను, రెండవదానిలోని తేటనీటితో నేలను తుడువవలెను. ఒక్క బకెట్టుతోనే ఇల్లంతయు ముగించినచో, మొదటి గదిలోని మురికి చివరి గదికి చేరుటయే జరుగును.

నేలయొక్క జాతి నెరుగుట మిక్కిలి అవసరము. మన యిండ్లలో విరివిగా పరచిన తాండూరు బండలును, బేతంచెర్ల బండలును సున్నపురాతి జాతివి. పాలరాయియు ఆ కుటుంబములోనిదే. వీటిపై యాసిడ్ పడినచోట బుసబుస నురుగు పొంగుటను చూచి మురికి వదలుచున్నదని సంతోషించువారు కలరు. పొంగుచున్నది మురికి కాదు, రాయియే కరగిపోవుచున్నది. నునుపు పోయి గరుకెక్కిన ఆ చోటున మరునాటినుండి మురికి మరింత బలముగా పట్టును. అట్టి నేలకు నిమ్మరసము సైతము శత్రువే. గోరువెచ్చని నీరు, కొద్దిగా సబ్బు, ఓపిక గల చేయి ఉన్న చాలును.

పాత్రల విషయమున మన వంటయిండ్లు ఎంతో రసాయనశాస్త్రమును పేరు చెప్పకయే నేర్పినవి. కట్టెల బూడిదలోని క్షారము జిడ్డుతో కలసి దానిని కొంత సబ్బుగా మార్చును. కావుననే బూడిదతో తోమిన గిన్నె జిడ్డు లేక మెరయును. ఇత్తడికి, రాగికి పట్టిన కిలుమును చింతపండులోని పులుపు కరగించును; అచ్చట బలము ఉపయోగించి రుద్దవలసిన పని లేదు, పూసి కొంతసేపు ఉంచుటయే కావలసినది. అల్యూమినియపు గిన్నెను చాకలిసోడా తినివేసి నల్లబరచును. అదే గిన్నెలో చింతపండు నీరు మరిగించినచో తెల్లబడును. వరి ఊక బూడిదలో ఇసుకజాతి పదార్థ మధికము. అది ఇనుప పెనమునకు మేలు చేయును, వెండిగిన్నెను గీతలపాలు చేయును. పీచుల సంగతియు నిట్టిదే. ఇనుపపీచు మాడిన అడుగులకు, కొబ్బరిపీచు నిత్యపు గిన్నెలకు, ఎండిన బీరపీచు గాజునకు, పింగాణికి తగును. బోరునీటిలో సబ్బు నురగ కట్టక తెట్టెగా విరుగుటకు కారణము అందలి సున్నపు లవణములు. అట్టిచోట సబ్బును పెంచుటకంటె ముందుగా కొంచెము చాకలిసోడా కలిపి నీటిని మెత్తబరచుట ఉచితము.

క్రిమిసంహారకములు కడపటివి. మురికి తొలగింపక ఫినాయిలు చల్లుట వాసనను కప్పిపుచ్చుటయే కాని శుద్ధి కాదు. ముందు కడిగి, పిమ్మట చల్లి, కొంతసేపు ఉండనీయవలెను. బ్లీచింగ్ పొడి యెడ మిక్కిలి జాగరూకత వలెను. సున్నముచేత క్లోరిను వాయువును బంధించి చేయు ఈ పొడికి 1799లో స్కాట్లండు రసాయనజ్ఞుడు చార్లెస్ టెన్నెంట్ పేటెంటు పొందెను. యాసిడ్ తగిలినచో ఆ బంధము తెగి, విషవాయువు బయటపడును. మరుగుదొడ్డిలో ఈ రెండింటిని ఒకదానిపై నొకటి పోయుట ప్రాణాపాయము. రెండును ఒకే అలమరలో ఉంచకుండుటయే శ్రేయస్కరము. పొట్లము విప్పియుంచిన బ్లీచింగ్ పొడి సారము కోల్పోవును గనుక చిన్న పొట్లములనే కొని, మూత బిగించి, పిల్లలకు అందని చోట ఉంచవలెను.

నా మనస్సునకు అన్నిటికంటె ముఖ్యముగా తోచునది మూడవ సంగతి, అనగా సాధనమును పట్టు చేయి ఎవరిదన్నది. 1901లో కలకత్తా కాంగ్రెసుకు వెళ్ళిన గాంధీగారు మరుగుదొడ్ల దుస్థితిని చూచి, అది పాకీవారి పని యని స్వచ్ఛందసేవకులు చెప్పగా, తామే ఒక చీపురు సంపాదించి శుభ్రము చేసికొనిరి. మన యిండ్లలో చీపురును కొనునది ఒకరు, పట్టునది మరియొకరు. కొనువానికి ధర కనబడును. పట్టుదానికి నడుము నొప్పి తెలియును. పొట్టిపిడి చీపురుతో వంగి వంగి ఊడ్చు ఇల్లాలు గాని, నాలుగిండ్లలో అదే పని చేయు పనిమనిషి గాని ఎన్నికలో మాట చెల్లు స్థితిలో ఉండరు. యజమాని ఒక్కదినము తాను ఊడ్చి, తుడిచి, గిన్నెలు తోమి చూచినచో ఏ పిడి ఎంత పొడవుండవలెనో, నిండు బకెట్టు ఎంత బరువో, సోడానీటిలో చేయి ఎట్లు మండునో అనుభవమే బోధించును.

సామాన్య గృహమునకు రెండు విధముల చీపుళ్ళు, ఒక బూజుకర్ర, ఒక చేట, రెండు బకెట్లు, నూలుగుడ్డలు, పీచు, సబ్బు, సోడా, చింతపండు, కొంచెము ఫినాయిలు ఉన్న చాలును. రంగురంగుల సీసాలపై పోవు ధనమును పొడవైన పిడికిని, చేతితొడుగులకును వెచ్చించుట న్యాయము. అంగడికి పోవునపుడు, ఆ పని చేయువారిని వెంట తీసికొనిపోయి, వారి చేతికి ఇచ్చి చూపి, వారు మెచ్చినదానినే కొనుట అంతకంటె న్యాయము.