పన్ను రాయితీ యెవరికి?

మన ప్రాంతపు బిడ్డలు పలువురు అమెరికాలో ఇండ్లు కట్టుకొని స్థిరపడియున్నారు. వారు వ్రాయు సంగతులలో జీతము, చలి, పిల్లల చదువు అను వానితోపాటు పన్ను రాయితీ అను మాటయు తరచుగా కనబడును. నా తమ్ముడు మిషిగన్ రాష్ట్రమున నున్నాడు. అతడు 2024వ సంవత్సరమున తన యింటిని వేడిచేయు పాత గ్యాసు యంత్రమును తీసివేయించి, హీటు పంపు అను క్రొత్త యంత్రమును అమర్పించుకొనెను. ఆ ఖర్చుల వివరము నాకు వ్రాయగా, శాతములు బోధించుటకు తగిన యుదాహరణమని దానిని పదవ తరగతి నల్లబల్లపై వ్రాసితిని.

హీటు పంపు వేడిని పుట్టించునది కాదు. వెలుపలి గాలిలో నున్న వేడిని ఇంటిలోనికి చేర్చునది. చల్లనిగాలియందును కొంత వేడి యుండును గనుక, తాను వాడుకొను విద్యుత్తునకు రెండు మూడు రెట్ల వేడిని అది యందింపగలదు. వేసవిలో అదే యంత్రము ఇంటిని చల్లబరచును. ఇట్టివానిని ప్రోత్సహించుటకై అమెరికా ప్రభుత్వము 2022 ఆగస్టులో ఒక చట్టము చేసెను. దాని ప్రకారము 2023 మొదలుకొని, హీటు పంపు అమర్చుకొనిన గృహస్థునకు ఖర్చులో నూటికి 30 వంతులు ఆదాయపు పన్నులో తగ్గించెడివారు. సంవత్సరమునకు 2,000 డాలర్లు దాని హద్దుగా నుండెను. కిటికీలు, తలుపులు మొదలగువానికి వేరుగా 1,200 డాలర్ల హద్దు ఉండెను. రిఫ్రిజిరేటరు, బట్టలుతుకు యంత్రము ఈ రాయితీలో చేరలేదు.

తమ్మునికైన ఖర్చు 9,000 డాలర్లు. అందు 30 శాతము 2,700. హద్దు 2,000 గనుక అంతే లభించెను. రశీదులను భద్రపరచి, 5695 అను ఫారమును నింపి, పన్ను లెక్కతో జతపరచవలసియుండెను. యంత్రమును కొన్న సంవత్సరము కాక, అమర్చిన సంవత్సరమే లెక్కకు వచ్చెడిది.

విద్యార్థులు లెక్కను సరిగానే చేసిరి. అప్పుడొక బాలుడు లేచి, "మాస్టరుగారూ, పన్నే కట్టనక్కరలేని వారికెంత వచ్చును?" అని అడిగెను. ఏమియు రాదని చెప్పితిని. ఈ రాయితీ చేతికిచ్చు సొమ్ము కాదు. కట్టవలసిన పన్నులో తీసివేత మాత్రమే. తమ్ముని పొరుగున స్వల్పమైన పింఛనుతో జీవించు వృద్ధురాలొకామె కలదు. ఆమె కట్టవలసిన పన్ను 300 డాలర్లే యనుకొందము. అదే యంత్రమును అదే ధరకు కొనినను ఆమెకు 300 డాలర్లే తగ్గెడిది. మిగిలిన 1,700 ఇచ్చెడివారు కారు, మరుసటి సంవత్సరమునకును జమకట్టెడివారు కారు. ఆమె నేటికిని పాత యంత్రముతోనే చలికాలము గడుపుచున్నదట. "చలి యిద్దరికి నొక్కటే గదండీ" అని యొక బాలిక మెల్లగా ననెను. తరగతియంతయు నిశ్శబ్దమాయెను.

చట్టమును చేసినవారు ఈ సంగతి నెరుగనివారు కారు. అల్పాదాయముగల కుటుంబములకు యంత్రముల ధరలోనే తగ్గింపు నిచ్చుటకు, అదే చట్టమున రాష్ట్రముల ద్వారా మరియొక మార్గమును ఏర్పరచిరి. కాని ఆ మార్గము అన్ని రాష్ట్రములలో నొకే కాలమున తెరువబడలేదు. పన్ను కట్టువారి ద్వారము 2023లోనే తెరచుకొనగా, పేదల ద్వారము వద్ద నిరీక్షణము ఎక్కువైనది.

2032 వరకు నిలువవలసిన ఈ పన్ను రాయితీని 2025 జూలై 4వ తేదీ నాటి క్రొత్త చట్టము ముందుగానే ముగించినది. 2025 డిసెంబరు 31వ తేదీ లోపల అమర్చిన వానికే అది చెల్లును. కావున బంధువులు అచ్చటనున్న తలిదండ్రులు, అమర్చిన తేదీని చూచుకొనుమని వారికి వ్రాయుట మేలు.

విద్యార్థులారా, మీరు ముందుముందు ఎన్నియో చట్టములను, పథకములను చదువుదురు. ఎంత లభించును అని మొదట లెక్కించుట సహజమే. ఎవరికి లభింపదు అనునదియు ఆ లెక్కలోని భాగమే, దానిని విడువకుడు.