35 డిగ్రీల దాకా

2023 జూన్ మొదటి వారం. రోహిణి కార్తె ఇంకా వదల్లేదు. విజయవాడ సత్యనారాయణపురంలో మూడో అంతస్తు మీద వేసిన రేకుల గది నాది. రాత్రి పదకొండున్నరకి ఒక పెళ్ళి వీడియో రెండరింగ్‌కి పెట్టి కూర్చున్నాను. తలంబ్రాల సీను దాటి 71 శాతానికి వచ్చేసరికి తెర నీలంగా మారిపోయింది. ఒక ఏడుపు మొహం బొమ్మ, దాని కింద హార్డ్‌వేర్ ఎర్రర్ అని ఒక పొడవాటి కోడ్. ఆ రాత్రికి అది మూడోసారి. పెళ్ళికూతురి నాన్నగారికి మర్నాడు పొద్దున్నే పెన్‌డ్రైవ్ ఇస్తానని మాటిచ్చి ఉన్నాను.

పెళ్ళి వీడియోలు చేసేవాడికి గేమింగ్ ల్యాప్‌టాప్ ఎందుకని మా మావయ్య ఇప్పటికీ అడుగుతాడు. నేను ఆటలు ఆడను. కానీ 4కె ఫుటేజీని లాగగలిగే గ్రాఫిక్స్ కార్డు మాలాంటి వాళ్ళకి అందే ధరలో ఉండేది వాటిలోనే. 2021 దసరాకి లక్షా పన్నెండు వేలు పెట్టి ఈఎమ్ఐ మీద కొన్నాను. రెండేళ్ళ వారంటీ. మొదటి వేసవి ఎలాగో గట్టెక్కింది. రెండో వేసవికి మొదలైంది.

లోపల ఏం జరుగుతుందో అప్పటికి నాకు సగమే తెలుసు. ఈ ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ చాలావరకు ఒకే రాగి గొట్టాల మీద ఆధారపడతాయి. రెండు పొయ్యిలకి ఒకటే పొగగొట్టం అన్నమాట. ఆట ఆడినా, రెండర్ పెట్టినా రెండు పొయ్యిలూ ఒకేసారి భగ్గుమంటాయి. ఉష్ణోగ్రతలు చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి వేసుకున్నాను. రెండర్ మొదలైన నిమిషంలోనే ప్రాసెసర్ అంకె ఎర్రగా 100కి చేరి అక్కడే మేకు కొట్టినట్టు నిలబడేది. 4 గిగాహెర్ట్జ్ దాటి పరిగెత్తాల్సింది 2కి పడిపోయేది, ఒక్కోసారి 0.8కి. వేడెక్కితే నెమ్మదించడం చిప్‌కి పుట్టుకతో ఉన్న బుద్ధి, తనని తాను కాపాడుకోవడానికి. నెమ్మదిస్తే సర్దుకుపోయేవాణ్ణే. ఈ చావడం ఏమిటో అర్థమయ్యేది కాదు.

చేయని వైద్యం లేదు. వెనక కాళ్ళ కింద సోడా మూతలు పెట్టి ఎత్తు చేశాను. కూలింగ్ ప్యాడ్ కొన్నాను, దాని నీలం లైట్లు తప్ప ఇంకేం పనిచేయలేదు. కిటికీకి తడి తువ్వాలు కట్టి టేబుల్ ఫ్యాన్ పెట్టాను. విండోస్ రెండుసార్లు మళ్ళీ వేశాను. కీబోర్డు మధ్యలో వేలు పెడితే చురుక్కుమనేది, అందుకని వేరే కీబోర్డు తగిలించుకున్నాను. చివరికి ఐస్‌బాక్స్‌లోంచి ఐసు ముక్కలు తీసి ప్లాస్టిక్ కవర్లో కట్టి కింద పెట్టబోతుంటే అమ్మ చూసి, "దానికేమన్నా జ్వరమా?" అంది. నీళ్ళు కారి మొత్తానికే పోతుందని భయమేసి అది మానేశాను.

సర్వీస్ సెంటర్‌కి మొదటిసారి వెళ్తే నాలుగు రోజులు ఉంచుకున్నారు. "నాలుగు గంటలు స్ట్రెస్ టెస్ట్ పెట్టాం సార్, ఒక్కసారి కూడా ఆగలేదు" అని కాగితం చేతిలో పెట్టారు. లోపం కనబడలేదు అని రాసి ఉంది. ఇంటికి తెచ్చిన రాత్రే నీలం తెర. రెండోసారి వెళ్తే అదే కాగితం, తేదీ మాత్రం మారింది. ఈసారి కౌంటర్లో ఉన్నాయన, మీరు ఏదో పైరసీ సాఫ్ట్‌వేర్ వాడుతున్నట్టున్నారు అన్నాడు. నెలనెలా చందా కట్టేవాణ్ణి, నిజంగా కడుపు మండింది.

ఆ మధ్యాహ్నం అక్కడి కుర్చీలో కూర్చుని వణుకుతూ గోడ మీది ఏసీ వైపు చూశాను. 22. అప్పుడు తట్టింది. ఇంటికి వచ్చేదారిలో వంద రూపాయలు పెట్టి గోడ థర్మామీటర్ కొన్నాను. రాత్రి పదకొండుకి మా గదిలో 38. లెక్క చాలా చిన్నది. ఫ్యాన్ ఏ గాలిని పీలిస్తే ఆ గాలితోనే చిప్‌ని చల్లార్చాలి. పీల్చే గాలి 16 డిగ్రీలు ఎక్కువైతే చిప్ కూడా ఇంచుమించు అంత ఎక్కువ వేడెక్కుతుంది. అక్కడ 88 దగ్గర హాయిగా నడిచేది మా ఇంట్లో 104కి పోవాలి. పోలేదు, 100 దగ్గర గొంతు పట్టుకుంటుంది.

మూడోసారి వెళ్ళి, ఏసీ లేనిచోట పెట్టి చూడమని బతిమాలాను. లోపలి కుర్రాడు మంచివాడు. "రండి సార్" అని వెనక సందులోకి తీసుకెళ్ళాడు. బిల్డింగ్‌లోని ఏసీల వేడిగాలంతా అక్కడికే కొడుతుంది. ఒక ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టి టెస్ట్ నొక్కాడు. ఇద్దరం చెమటలు కక్కుకుంటూ నిలబడ్డాం. పద్నాలుగో నిమిషంలో నీలం తెర. జబ్బు బయటపడినందుకు అంత సంతోషపడడం అదే మొదటిసారి. ఫోన్‌తో ఫొటో తీసి పైకి పంపాడు.

జవాబు రెండు రోజులకి వచ్చింది. ఈ ల్యాప్‌టాప్ వాడకానికి చుట్టూ ఉండే ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీల దాకా మాత్రమేనట. అంతకు మించిన చోట వచ్చిన ఇబ్బంది లోపం కింద రాదట. పెట్టెలో వచ్చిన పుస్తకం తీసి చూశాను, నిజమే. చీమ తలకాయంత అక్షరాల్లో 35 అని ఉంది. తర్వాత వేరే కంపెనీల పుస్తకాలూ వెతికాను. చాలావాటిలో అదే 35. మే నెలలో బెజవాడలో మా రేకుల గది అర్ధరాత్రి కూడా ఆ అంకెకి దిగదు. అమ్మేటప్పుడు మాత్రం ఊరి పేరు, పిన్ కోడ్ అన్నీ అడిగారు.

వారంటీ పోతే పోయిందని గవర్నర్‌పేటలో ఒక మెకానిక్ దగ్గర విప్పించాను. ఫ్యాన్ దగ్గరి రేకుల మీద దుమ్ము పత్తి చాపలా పేరుకుని ఉంది. హీట్‌సింక్ ఎత్తగానే అతను, "మధ్యలో పేస్టే లేదన్నా, చూడు" అన్నాడు. చిప్ వేడిని ఆ రాగి గొట్టాలకి చేర్చడానికి మధ్యలో పూసేదే ఆ పేస్టు. చిప్ నడుమ అద్దంలా మెరుస్తోంది. చుట్టూ అంచుల్లో మాత్రం ఎండిన సున్నంలా బూడిదరంగు గట్టు. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ లోహం కాస్త సాగి, కాస్త ముడుచుకుని పేస్టుని కొంచెం కొంచెంగా పక్కకి నెట్టేస్తుందట. పేస్టు బదులు వేడికి మెత్తబడే ఒక పల్చటి షీటు వేశాడు. అన్నీ కలిపి 1,800.

అంకె 100 నుంచి 89కి దిగింది. నీలం తెర తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, వారానికోసారి వచ్చేది. రెండు వేసవులు ఆ వేడిలో ఉడికాక చిప్‌కి మునుపటి వోల్టేజి చాలడం లేదేమోనని మెకానిక్ అనుమానం. ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉంటుంది, అది మార్చాలంటే బోర్డే మార్చాలి, 58 వేలు. వద్దనుకుని పవర్ సెట్టింగ్స్‌లో గరిష్ఠాన్ని 99 శాతానికి తగ్గించి టర్బో, అంటే చిప్ తన మామూలు వేగాన్ని దాటి తీసే పరుగు, ఆపేశాను. ఆ ఒక్క శాతంతో పరుగు నడక అయిపోయింది. గంటన్నర రెండర్ రెండు గంటల నలభై నిమిషాలకి చేరింది. కానీ చావడం ఆగింది.

మరుసటి ఏడాది ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల గొడవ బయటికొచ్చింది. నెలల తరబడి జనం ఆటలు ఆగిపోతున్నాయని మొత్తుకున్నాక, 2024 జూలైలో కంపెనీ అవి అధిక వోల్టేజి అడుగుతున్నాయని ఒప్పుకుంది. ఆ తర్వాత వారంటీ మరో రెండేళ్ళు పెంచి, మైక్రోకోడ్ సవరణలు ఇచ్చింది. నా ల్యాప్‌టాప్‌కీ దానికీ సంబంధం లేదు. అయినా ఆ వార్త రెండుసార్లు చదివాను. సాఫ్ట్‌వేర్‌దే తప్పనుకుని విండోస్ మళ్ళీ మళ్ళీ వేసుకున్నవాళ్ళు వాళ్ళలో ఎంతమంది ఉంటారో అనిపించింది.

ఆ పెళ్ళి వీడియో మూడు రోజులు ఆలస్యంగా ఇచ్చాను. పెద్దాయన ఏమీ అనలేదు, బాకీలో ఐదు వేలు తగ్గించి చేతిలో పెట్టారు. ల్యాప్‌టాప్ ఇంకా అదే. వేసవిలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి రెండర్ పెడతాను. థర్మామీటర్ బల్ల పక్క గోడకే వేలాడుతోంది. అమ్మకి ఇప్పుడు దాన్ని చూడడం వచ్చేసింది. కాఫీ తెచ్చినప్పుడల్లా కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా వెళ్ళి చూసి, "ముప్పై ఆరొచ్చిందిరా, ఇంక ఆపెయ్" అంటుంది.